భీమిలిలో స్టిల్టు మీద మూడంతస్తులు: అనుమతుల ప్రాజెక్టు డైరీ

స్థలం: భీమునిపట్నం, మహా విశాఖ నగరపాలక సంస్థ పరిధి. దస్తావేజులో 500 గజాలు, అంటే 418.06 చదరపు మీటర్లు. ప్రస్తుతం పాత పెంకుటిల్లు ఉంది. కట్టదలచింది కింద స్టిల్టు (స్తంభాల మధ్య గోడల్లేని) పార్కింగు, పైన మూడు అంతస్తులు, ముగ్గురు అన్నదమ్ములకు తలా ఒకటి. సముద్రపు పోటు గీత (పెద్ద పోటుకి నీరు చేరే హద్దు) నుంచి సుమారు 380 మీటర్లు, గోస్తని ఒడ్డు నుంచి సుమారు 140 మీటర్లు.

ఇది పునాది తవ్వేదాకా జరిగే కాగితం పని డైరీ. మేస్త్రి పని ఇందులో లేదు. కాకపోతే మేస్త్రి చెయ్యాల్సినవి కొన్ని ఈ దశలోనే తేలిపోతాయి, వాటిని అక్కడక్కడ రాసిపెట్టాం.

మే: గీత ముందు, ప్లాను తర్వాత

తీరపట్టణాల్లో ఎక్కువమంది చేసే పని ముందు ఇంటి ప్లాను గీయించుకోవడం, ఎలివేషన్ బొమ్మ చూసి మురిసిపోవడం, బ్యాంకులో అంచనా పెట్టడం. సీఆర్జెడ్, అంటే తీర నియంత్రణ మండలం నిబంధనల మాట చిట్టచివర వస్తుంది. అప్పటికి ఆర్కిటెక్టు ఫీజు, అడ్వాన్సులు అన్నీ ఖర్చయిపోయి ఉంటాయి. ఈ ప్రాజెక్టులో క్రమం మార్చాం. పోటు గీత కాగితం మీదకు వచ్చేదాకా డ్రాయింగు మొదలుపెట్టలేదు.

సముద్రం వైపు పోటు గీత, అంటే హెచ్‌టీఎల్ నుంచి నేల వైపు 500 మీటర్ల దాకా తీర నియంత్రణ మండలం. మన స్థలం 380లో ఉంది కాబట్టి పూర్తిగా లోపలే. రెండోది నది లెక్క. ఆటుపోట్లు తగిలే ఏరు, ఉప్పుటేరు, కాలువ ఒడ్డున కేంద్రం ఇచ్చిన 2011 సీఆర్జెడ్ ప్రకటన ప్రకారం 100 మీటర్లు లేదా ఆ ఏటి వెడల్పు, రెంటిలో ఏది తక్కువైతే అది. 2019 ప్రకటనలో ఆ 100 కాస్తా 50 అయింది. పోటు ప్రభావం ఏటిలో ఎంత పైకి పోతుందన్నది ఉప్పదనాన్ని బట్టి తేలుస్తారు. ఏడాదిలో బాగా ఎండిపోయే కాలంలో కొలిచినప్పుడు నీటిలో వెయ్యి పాళ్లకు 5 పాళ్ల ఉప్పు ఉన్నంతవరకు అది పోటు నీరే. వానాకాలంలో గోస్తని నిండుగా పారుతుంటే తియ్యటి నీరు సముద్రం అంచుదాకా వస్తుంది, అప్పటి కొలతకు విలువ లేదు.

ఇంకో లెక్క కూడా ఉంది, దాన్ని సీఆర్జెడ్‌తో కలపకూడదు. రాష్ట్ర భవన నిబంధనల్లో నది అంచు నుంచి పురపాలక పరిధిలో 50 మీటర్లు, బయటైతే 100 మీటర్లు వదలాలి. వాగు, కాలువ అయితే 9 మీటర్లు. ఇది నీరు ఉప్పదా తియ్యదా అని చూడదు. గోస్తని నుంచి మన స్థలం 140 మీటర్లు, కాబట్టి రెండు లెక్కల్లోనూ నది వైపు నుంచి ఇబ్బంది లేదు. అయినా ఫైల్లో రెంటినీ వేర్వేరు వరసల్లో చూపించాం. ఒక్క వాక్యంలో 'నదికి దూరంగా ఉంది' అని రాస్తే, ఏ నిబంధన ప్రకారం అంటూ ప్రశ్న తిరిగొస్తుంది.

ఏ ప్రకటన వర్తిస్తుందన్నది మొదట్లోనే తేల్చుకోవాలి. మొదటి సీఆర్జెడ్ ప్రకటన 1991 ఫిబ్రవరి 19న, రెండోది 2011 జనవరి 6న, మూడోది 2019 జనవరి 18న వచ్చాయి. 2019ది వచ్చిన రోజు నుంచే అన్ని చోట్లా అమల్లోకి రాలేదు. ఆ ప్రకటన ప్రకారం సవరించిన తీర మండలం నిర్వహణ పటం ఆమోదం పొందాకే ఆ ప్రాంతానికి అది పనిచేస్తుంది, అప్పటిదాకా 2011దే దిక్కు. దరఖాస్తు వేసే రోజున ఏ పటం అమల్లో ఉందో రాష్ట్ర తీర మండలం నిర్వహణ అథారిటీ (సీజెడ్ఎంఏ) దగ్గర రాతపూర్వకంగా తెలుసుకుని, ఆ పటం షీటు నంబరుతో సహా ఫైల్లో మొదటి పేజీగా పెట్టాలి. ముందు జాగ్రత్తగా ఈ ప్రాజెక్టుకి 2011, 2019 రెండు నిలువు వరసలతో పట్టిక తయారుచేశాం.

పటం స్కేలు దగ్గర చాలామంది దెబ్బతింటారు. రాష్ట్రమంతటికీ వేసే పటం 1:25,000. అందులో ఒక మిల్లీమీటరంటే నేల మీద 25 మీటర్లు. మన స్థలం ముఖం 18 మీటర్లు, అంటే ఆ పటంలో మిల్లీమీటరు కూడా లేదు. దాన్ని ఫోన్లో పెద్దది చేసి చూసి 'మనం గీత బయట' అనుకోవడం దండగ. పనికొచ్చేది 1:4000 పటం. అందులో మిల్లీమీటరుకు 4 మీటర్లు, స్థలం ముఖం నాలుగున్నర మిల్లీమీటర్లు. అక్కడ కూడా అర మిల్లీమీటరు పెన్ను గీత 2 మీటర్ల నేలను మింగేస్తుంది. 500 మీటర్ల హద్దు మీదనో దానికి ఆనుకునో ఉన్న స్థలాలకు అక్షాంశ రేఖాంశాలతో లెక్క తియ్యాలే తప్ప పటం మీద స్కేలు పెట్టి కొలవకూడదు.

ఇక కేటగిరీ. తీరాన్ని ఆనుకుని పురపాలక హద్దుల్లో ఉండి, మొత్తం ప్లాట్లలో సగానికి మించి కట్టడాలు వచ్చి, రోడ్లు, డ్రైనేజీ, నీటి సరఫరా ఉన్న ప్రాంతం సీఆర్జెడ్-2. పాత భీమిలి ఊరు ఇదే. పల్లెపట్టులు సీఆర్జెడ్-3. ఇసుక దిబ్బలు, మడ అడవులు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు సీఆర్జెడ్-1ఎ, వాటి జోలికి పోకూడదు. ఎర్రమట్టి దిబ్బల దాపున స్థలం కొనేవాళ్లు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఇంకోటి: పంచాయతీ నగరపాలకలో కలిసినంత మాత్రాన పటంలో రంగు మారదు. ఇంటిపన్ను నగరపాలకకు కడుతున్నా పటంలో సీఆర్జెడ్-3 అని ఉంటే అది సీఆర్జెడ్-3 కిందే. 2011 ప్రకారం అక్కడ పోటు గీత నుంచి 200 మీటర్ల దాకా కొత్త కట్టడం లేదు. 200 నుంచి 500 మధ్య స్థానికుల నివాసాలకు మొత్తం 9 మీటర్ల ఎత్తు, రెండు అంతస్తులే. 2019లో దీన్ని రెండుగా విడదీశారు. 2011 జనాభా లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 2161 మందికి మించి ఉన్న చోట నిర్మాణ నిషేధం 50 మీటర్లు, మిగతా చోట్ల పాత 200 మీటర్లే.

జూన్: రోడ్డు ఎప్పటిది?

సీఆర్జెడ్-2లో కట్టుకోవాలంటే ఉన్న రోడ్డుకి గానీ, ఉన్న అధీకృత కట్టడానికి గానీ నేల వైపునే కట్టాలి. వినడానికి తేలికే, కానీ ఫైళ్లు ఎక్కువగా ఆగేది ఇక్కడే. కొత్తగా సముద్రం వైపు రోడ్డు వేస్తే, ఆ రోడ్డుకి ఇవతల ఉన్నాం కదా అని అనుమతి ఇవ్వరు. ప్రకటనలోనే ఆ మాట ఉంది. అంటే బీచ్ వైపు సిమెంటు రోడ్డు కనిపిస్తే చాలదు, దాని పుట్టుక తేలాలి.

ఈ ప్రాజెక్టులో స్థలానికి సముద్రం వైపున రెండు దారులున్నాయి. ఒకటి తర్వాత వేసిన బీచ్ వైపు సిమెంటు దారి, రెండోది ఊళ్లోని పాత వీధి. దరఖాస్తు నిండా పాత వీధినే ఆధారంగా చూపించాం. దాని కోసం జతచేసినవి: పట్టణ సర్వే షీటులో ఆ వీధి, పాత మునిసిపాలిటీ రోడ్డు రిజిస్టరు నకలు, మొదటి ప్రకటన వచ్చిన 1991కి ముందు రిజిస్టరైన పక్కింటి దస్తావేజు. ఆ దస్తావేజు సరిహద్దుల్లో 'తూర్పు: మునిసిపల్ వీధి' అని ఉంది. పాత దస్తావేజుల్లో హద్దుల పేరా చాలా విలువైంది, రోడ్డు వయసుకి అదే సాక్ష్యం. సముద్రం వైపున్న ఇంటిని ఆధారంగా చూపించాలనుకుంటే దానికి మంజూరైన ప్లాను ఉండాలి. ఇంటిపన్ను రసీదు ఒక్కటే ఉంటే అధీకృతం అనరు, పన్ను అక్రమ కట్టడానికీ వేస్తారు.

భూమి కాగితాల్లో తీసినవి: దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, 30 ఏళ్ల ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం), పట్టణ సర్వే రిజిస్టరు నకలు, ఇంటిపన్ను బకాయి లేని రసీదు, 22-ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషను చెయ్యకూడని భూముల జాబితా) సర్వే నంబరు లేదన్న రుజువు. విశాఖ తీరంలో ప్రభుత్వ భూములు, డి-పట్టా (ప్రభుత్వం పంచి ఇచ్చిన) భూములు పట్టా భూముల మధ్యలోనే కలిసి ఉంటాయి. సర్వే నంబరు సబ్‌డివిజన్ అక్షరంతో సహా చూడాలి. 'ఎ' పట్టా, 'బి' ప్రభుత్వానిది అయ్యే సందర్భాలు మామూలే.

పేర్ల తేడా కూడా ఈ నెలలోనే సరిచేశాం. దస్తావేజులో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరాలతో, పన్ను పుస్తకంలో ఇంకా తాతగారి పేరే. పన్ను పుస్తకంలో పేరు మార్పు ముందు వేసి, అది అయ్యాకే ప్లాను ఫైలు తెరవాలి. ఫైలు తెరిచాక మార్చబోతే దరఖాస్తుదారు పేరే మారిపోయినట్టు లెక్క.

నేల మీద కొలిస్తే స్థలం 17.98 మీటర్ల వెడల్పు, 22.71 మీటర్ల లోతు వచ్చింది, అంటే 408.33 చదరపు మీటర్లు. దస్తావేజుకి దాదాపు 10 చదరపు మీటర్లు తక్కువ. రెంటిలో తక్కువదే లెక్కలోకి వస్తుంది. పక్కవాళ్ల ప్రహరీ కొద్దిగా లోపలికి వచ్చిన మాట నిజమే. ఆ తగాదా తెగేదాకా ఆగితే ప్రాజెక్టే ఆగుతుంది, పైగా హద్దు వివాదం ఉన్న స్థలమని ఫైల్లో పడితే బయటపడటం కష్టం. నేల కొలతకే ఒప్పుకుని ముందుకెళ్లాలని కుటుంబం నిర్ణయించుకుంది. మంచి నిర్ణయం.

ముందున్న వీధి 7.2 మీటర్లు. 9 మీటర్ల రోడ్డు లెక్కకి మధ్యగీత నుంచి నాలుగున్నర మీటర్లు వదలాలి. ఇప్పుడు ఇటువైపు 3.6 ఉంది కాబట్టి ఇంకో 0.9 మీటరు పోతుంది. ముఖం 17.98 మీటర్లు, అంటే 16.18 చదరపు మీటర్లు రోడ్డుకి. నికరంగా మిగిలింది 392.15. రోడ్డుకి వదిలే ముక్కను నగరపాలక పేరున గిఫ్టు దస్తావేజు చేసి ఇవ్వాలి, దానికి బదులు టీడీఆర్ (బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కు) అడగొచ్చు. మధ్యగీతను ఇప్పుడున్న తారు అంచుల్ని బట్టి తియ్యకూడదు. ఎదురు వరస అరుగులు రోడ్డు మీదకు వచ్చి ఉంటే మధ్యగీత మనవైపు జరిగి మన నేల ఎక్కువ పోతుంది. సర్వే షీటులోని రోడ్డు హద్దుల నుంచే తియ్యమని సర్వేయరుకి చెప్పాలి.

జులై: పోటు గీత సర్వే

పోటు గీతని ప్రైవేటు సర్వేయరు గీస్తే చెల్లదు. కేంద్రం గుర్తించిన సంస్థలే గీయాలి. మనవైపు వాళ్లు ఎక్కువగా వెళ్లేది చెన్నైకి, అన్నా విశ్వవిద్యాలయం రిమోట్ సెన్సింగ్ సంస్థ దగ్గరికి. జాతీయ సుస్థిర తీర నిర్వహణ కేంద్రం కూడా చెన్నైలోనే ఉంది. 2019 ప్రకటనలో ఆ కేంద్రం గుర్తించిన పోటు గీతే అందరికీ ప్రమాణం.

సంస్థకి మనం ఇవ్వాల్సినవి: స్థలం నాలుగు మూలల అక్షాంశ రేఖాంశాలు, సర్వే నంబరు స్కెచ్, ప్రతిపాదిత కట్టడం లేఅవుటు. వాళ్లు ఇచ్చేవి: 1:4000 స్కేలులో పోటు గీత, పాటు గీత, సీఆర్జెడ్ హద్దులు గీసి మన కట్టడాన్ని వాటి మీద చూపించే పటం, స్థలం చుట్టూ 7 కిలోమీటర్ల పరిధి పటం, నివేదిక. మూలల కొలత డీజీపీఎస్‌తో, అంటే సర్వేకి వాడే కచ్చితమైన జీపీఎస్‌తో తీయించాం. ఫోన్ జీపీఎస్ ఐదు మీటర్లు ఇటూ అటూ చూపించగలదు. 18 మీటర్ల ముఖం ఉన్న స్థలానికి అది ఎందుకూ పనికిరాదు.

ఇక్కడ ఒక మెలిక. ఈ పటంలో లేఅవుటు పడిపోయాక కట్టడం కొలత మారిస్తే పటం మళ్లీ చేయించాలి. అందుకే కట్టడం అంచుల్ని, అంటే సెట్‌బ్యాకులు (చుట్టూ వదలాల్సిన ఖాళీ) పోగా మిగిలే లోపలి చట్రాన్ని, ఈ దశకే ఖాయం చేశాం. లోపల గదులు ఎలా పంచుకున్నా పటానికి పట్టింపు లేదు. ముందు 3 మీటర్లు, మిగతా మూడు వైపులా రెండున్నర మీటర్లు వదిలితే చట్రం 12.98 × 16.31 వస్తుంది. అందులో 12.90 × 15.60 మాత్రమే వాడుకున్నాం. అంచుదాకా గీస్తే గోడ ప్లాస్టరింగు మందమే సెట్‌బ్యాకు ఉల్లంఘన కింద వస్తుంది.

ఆగస్టు: లెక్కలు, డ్రాయింగులు

ఒక అంతస్తు 12.90 × 15.60, అంటే 201.24 చదరపు మీటర్లు. మూడు కలిపితే 603.72.

మొదటి ప్రశ్న: సీజెడ్ఎంఏ దాకా వెళ్లాలా? 2019 ప్రకటనలో సొంత నివాసం మొత్తం నిర్మాణం 300 చదరపు మీటర్ల లోపు అయితే స్థానిక సంస్థే సీఆర్జెడ్ కోణంలో పరిశీలించి అనుమతి ఇవ్వొచ్చు, సిఫారసు అక్కర్లేదు. మనది దాని రెట్టింపు. ముగ్గురు అన్నదమ్ములు తలా 201 చదరపు మీటర్లకి విడివిడిగా దరఖాస్తు పెట్టుకోవచ్చు కదా అన్న సలహా వచ్చింది. వద్దన్నాం. పునాది ఒకటే, మెట్లు ఒకటే, స్థలం ఒకటే. లెక్క మొత్తం కట్టడానికే గానీ వాటాలకు కాదు. అలా తీసుకున్న అనుమతి మీద ఎవరు ఫిర్యాదు చేసినా మూడూ ఒకేసారి రద్దవుతాయి. 20,000 చదరపు మీటర్లు దాటితే పర్యావరణ అనుమతి దారి వేరే. 300కి మించి, ఆ లోపు ఉన్న కట్టడాలన్నీ సీజెడ్ఎంఏ సిఫారసు తీసుకుని స్థానిక సంస్థ మంజూరు చేసేవే.

రెండోది ఎఫ్ఏఆర్, అంటే అంతస్తుల మొత్తం విస్తీర్ణాన్ని స్థలం విస్తీర్ణంతో భాగిస్తే వచ్చే అంకె. మన రాష్ట్రంలో మామూలు ఇళ్లకు ఎత్తు, సెట్‌బ్యాకు, రోడ్డు వెడల్పు చూసుకుంటే సరిపోతుంది కాబట్టి చాలామంది ఎల్‌టీపీలు (ప్లాన్లు పెట్టే లైసెన్సున్న సాంకేతిక నిపుణులు) ఎఫ్ఏఆర్ పట్టికే వెయ్యరు. సీఆర్జెడ్-2లో అది తప్పనిసరి. 2011 ప్రకటన కింద ఎఫ్ఏఆర్ 1991 నాటి స్థాయి దగ్గరే ఆగిపోయింది. 2019లో ఆ బిగింపు సడలించి, ఆ ప్రకటన వెలువడిన తేదీ నాటి ప్రమాణానికి తెచ్చారు. పాత ప్రమాణం ఎంతో టౌన్ ప్లానింగ్ విభాగం నుంచి కాగితం మీద తీసుకోవాలి, నోటిమాట ఫైల్లో పెట్టలేం.

లెక్క ఎంత సున్నితమో చూడండి. 603.72ని నేల విస్తీర్ణం 408.33తో భాగిస్తే 1.48. రోడ్డుకి పోయాక మిగిలిన 392.15తో భాగిస్తే 1.54. పరిమితి 1.5 అనుకుంటే ఒక లెక్కలో లోపల, ఇంకో లెక్కలో బయట. కట్టడం అదే, మారింది కింది అంకె. ఏ విస్తీర్ణం మీద లెక్కించారో పట్టికలో పక్కనే రాయాలి. నికరం మీద 1.5కి తగ్గాలంటే మొత్తం 588.23 దాటకూడదు, అంటే 15.5 చదరపు మీటర్లు కోత. పై అంతస్తులో వెనక వైపు ఒక గది స్థానంలో తెరిచిన టెర్రస్ వదలడం ఆ పక్షాన సిద్ధంగా ఉంచిన రెండో డ్రాయింగు. బయటి చట్రం మారదు కాబట్టి పోటు గీత పటం చెక్కుచెదరదు.

స్ట్రక్చరల్ ఇంజనీరు ధ్రువపత్రం కూడా ఇదే దశలో. తీరంలో ఈ కాగితం మొక్కుబడి కాకూడదు. కాంక్రీటుకి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456లో తీర వాతావరణానికి తెరుచుకున్న కాంక్రీటు 'తీవ్ర' వర్గం: కనీసం ఎం30 బలం గ్రేడు, ఘనపు మీటరుకు సిమెంటు 320 కిలోలు, నీరు-సిమెంటు నిష్పత్తి 0.45 మించకూడదు, కవరు (ఊచ మీది కాంక్రీటు పొర) 45 మిల్లీమీటర్లు. సముద్రపు తుంపర నేరుగా తగిలే చోట ఎం35, 340 కిలోలు, 50 మిల్లీమీటర్లు. ఊళ్లో మేస్త్రులు అలవాటుగా పెట్టే 25 మిల్లీమీటర్ల కవరు బ్లాకులు ఇక్కడ చాలవు. ఉప్పు తేమ ఆ పలుచటి పొర దాటి ఊచను చేరుతుంది, తుప్పు ఉబ్బి పెచ్చు ఊడుతుంది. బీచ్ రోడ్డు బాల్కనీల కింద వేలాడే ఊచలన్నీ దీని ఫలితమే. కవరు అంకెను డ్రాయింగులో మూలన నోటుగా కాక ప్రతి సెక్షన్ పక్కన రాయించాం. 45 కవరు పెడితే స్తంభం కొలత కూడా పెరగాలి. 230 మందం గోడలో దాక్కునే స్తంభంతో సరిపెట్టుకుందామంటే రెండు వైపులా కవరు పోగా ఊచలకు మిగిలేది 140 మిల్లీమీటర్లే. ఈ మార్పు గదుల కొలతల్లోకి వస్తుంది కాబట్టి ఆర్కిటెక్టు, ఇంజనీరు ఈ నెలలోనే కూర్చోవాలి.

కాంక్రీటు నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదు. భీమిలి బోరు నీటిని పరీక్ష చేయించకుండా వాడొద్దు.

గాలి: కట్టడాల మీద బరువుల ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖకు ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. ఒత్తిడి 0.6 × 50 × 50, అంటే చదరపు మీటరుకు 1500 న్యూటన్లు, సుమారు 150 కిలోల బరువు. ఆకారపు గుణకాలు ఇంకా దాని మీద. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు విశాఖ మేడల మీద రేకుల షెడ్లు ఎగిరి పక్కిళ్ల మీద పడ్డాయి. అందుకని మేడ మీద రేకు షెడ్డు ప్రస్తావనే ప్లానులో లేదు. మెట్ల గది కప్పు స్లాబే. నీళ్ల ట్యాంకుకి కాంక్రీటు దిమ్మె, పట్టీలు డ్రాయింగులో ఉన్నాయి.

బోరు సంగతి. 2011 ప్రకటనలో పోటు గీత నుంచి 200 మీటర్ల లోపు భూగర్భ జలం తోడటం నిషేధం, స్థానికులు తమ అవసరానికి తోడుకునే చోట్లకే మినహాయింపు. 200 నుంచి 500 మధ్య వేరే నీటి వనరు లేనప్పుడు తాగడానికి, తోటకి, సాగుకి, చేపల పనికి మామూలు బావి నుంచి చేత్తో తోడుకోవచ్చు. మన 380లో మోటారు బోరు చూపిస్తే అభ్యంతరం ఖాయం. నగరపాలక కుళాయి కనెక్షన్, నిర్మాణానికి ట్యాంకరు నీరు అని రాశాం. స్థలంలో పాత నేల బావి ఉంది, దాన్ని పూడ్చకుండా అలాగే ఉంచి ప్లానులో చూపించాం. సెల్లారు లేదు. ఇసుక నేలలో రెండు మీటర్లు దిగకముందే నీరు తగిలే చోట సెల్లారు కోరడం అంటే ఏళ్ల తరబడి మోటారు తిప్పడానికి సిద్ధపడటమే. స్థలం ఎత్తు పెంచడానికి గ్రావెలు అని స్పష్టంగా రాయాలి. తీరం ఇసుక తియ్యడం నిషేధం, 'మెరక' అని ఊరికే వదిలేస్తే అది ఎక్కడిదన్న ప్రశ్న వస్తుంది.

సెప్టెంబరు: పోర్టళ్లలో పెట్టడం

రెండు ఫైళ్లు సమాంతరంగా. ఒకటి రాష్ట్ర ఆన్‌లైన్ భవన అనుమతుల పోర్టల్లో, ఎల్‌టీపీ లాగిన్ నుంచి. రెండోది సీఆర్జెడ్‌ది, కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్లో. రెంటిలోనూ విస్తీర్ణం, సర్వే నంబరు, ఎత్తు, దరఖాస్తుదారు పేరు అక్షరం అక్షరం ఒకటిగా ఉండాలి. ఒకచోట 408.33, ఇంకోచోట గుండ్రంగా 408 అని ఉన్నా షార్ట్‌ఫాల్ (లోపం సరిచెయ్యమనే నోటీసు) పడుతుంది.

భవన ఫైలులో డ్రాయింగును ముందు సాఫ్ట్‌వేరు చదువుతుంది, మనిషి తర్వాత. అది లేయరు (డ్రాయింగులో ఒక్కో రకం గీతలకి విడిగా ఉండే పొర) చూస్తుంది, బొమ్మ అందం చూడదు. మొదటిసారి ఎక్కించినప్పుడు రెండో అంతస్తు విస్తీర్ణం సున్నా చూపింది. అంతస్తు అంచు పాలీలైను ఒక మూలన రెండు మిల్లీమీటర్లు కలవలేదు. కంటికి మూసినట్టే ఉంది, సాఫ్ట్‌వేరుకి అది తెరిచిన గీత. అన్ని అంచుల్నీ 'క్లోజ్' ఆదేశంతో మూసి, ఒక్కోదాని విస్తీర్ణం విడిగా చదివించి చూశాకే ఎక్కించాలి. బాల్కనీని అంతస్తు లేయరులో గీస్తే అది నిర్మాణ విస్తీర్ణంలో కలిసి ఎఫ్ఏఆర్ పెరుగుతుంది. యూనిట్లు మీటర్లలో ఉండాలి, మిల్లీమీటర్లలో గీసిన డ్రాయింగు పెడితే ప్లాటు ఊరంత కనిపిస్తుంది. రోడ్డుకి పోయే 0.9 మీటరు పట్టీని దాని లేయరులో విడిగా మూసి గీయాలి, లేకపోతే నికర విస్తీర్ణం రాదు.

సీఆర్జెడ్ ఫైలులో పెట్టినవి: ఫారం, పోటు గీత పటం, 7 కిలోమీటర్ల పటం, మురుగు, చెత్త, వాన నీటి ఏర్పాట్లు, రోడ్డు వయసు రుజువులు, ఎఫ్ఏఆర్ పట్టిక, టౌన్ ప్లానింగ్ రిమార్కులు. పూర్తి దరఖాస్తు అందాక 60 రోజుల్లో అథారిటీ పరిశీలించాలని 2011 ప్రకటనలో ఉంది. 'పూర్తి' అన్న మాటే కీలకం. ఒక్క జత పత్రం లేకపోయినా గడియారం మొదలు కాదు.

ఎత్తుకి సంబంధించిన ఇతర శాఖలు: భోగాపురం విమానాశ్రయం, నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ కళింగ రెండూ ఈ పక్కనే. విమానాల కోసం ఎక్కడ ఎంత ఎత్తు కట్టొచ్చో చూపే రంగుల పటంలో స్థలం ఏ గడిలో ఉందో, నౌకాదళ స్థావరం గోడ నుంచి ఎంత దూరమో ఒక పేజీలో చూపించాం. కేంద్ర రక్షిత కట్టడాలకు 100 మీటర్ల దాకా నిషేధిత, ఆపై 200 మీటర్ల దాకా నియంత్రిత ప్రాంతం. భీమిలిలో డచ్చి సమాధులున్న పేటల్లో కట్టేవాళ్లు దగ్గర్లోని కట్టడం ఏ జాబితాలో ఉందో ముందే చూసుకోవాలి.

అక్టోబరు–నవంబరు: తనిఖీ, షార్ట్‌ఫాళ్లు

వార్డు ప్లానింగ్ సెక్రటరీ స్థల తనిఖీకి వచ్చేనాటికి నాలుగు మూలలా రాళ్లు, రోడ్డుకి పోయే గీత సున్నంతో వేసి ఉండాలి. పాత పెంకుటిల్లు ఇంకా ఉంది. దాన్ని డ్రాయింగులో చుక్కల గీతతో 'కూల్చివేత' అని చూపించాం. చూపించకపోతే ఫొటోకీ ప్లానుకీ పొంతన ఉండదు. అలాగని అనుమతి రాకముందే కూల్చెయ్యడం మంచిది కాదు, ఆ ఇంటి పన్ను చరిత్ర, ఫొటోలు ఆ స్థలం ఎప్పటినుంచో నివాసమని చెప్పే సాక్ష్యం.

వచ్చిన షార్ట్‌ఫాళ్లు రెండు రకాలు. తేలికవి: ఈసీ తాజాది కావాలి, ఇంకుడు గుంత చూపలేదు. ఇంకుడు గుంత లోతు ఒకటిన్నర మీటర్లకే ఆపాం, గుంత అడుగుభాగం వానాకాలం నీటి మట్టం కంటే పైనే ఉండాలి. బరువైంది ఒక్కటే: ఆధారంగా చూపిన వీధి 1991కి ముందుదేనన్న ధ్రువీకరణ. జూన్‌లో తీసిన రోడ్డు రిజిస్టరు నకలు, పక్కింటి దస్తావేజు అక్కరకొచ్చింది ఇప్పుడే. అవి లేకుండా ఈ దశలో వెతుక్కోవడం మొదలుపెట్టిన ఫైళ్లు ఏడాది దాటినా కదలవు.

స్థలం పక్కనుంచి మత్స్యకారులు తీరానికి వెళ్లే సన్నటి దారి ఉంది. వలలు మోసుకెళ్లే దారి అది. దస్తావేజులో లేదు, సర్వే షీటులో సగం ఉంది. ప్రహరీని ఆ దారికి ఇవతలే ఆపాం, ప్లానులో 'ప్రజల దారి' అని రాశాం. అది వాళ్ల హక్కు. దాన్ని మూసి కట్టిన ఇల్లు ఏ అనుమతి చేతిలో ఉన్నా న్యాయమైంది కాదు.

అనుమతి పత్రం ఒక్కటి ఉంటే చాలనుకునేవాళ్లు కొచ్చి దగ్గరి మరడు సంగతి చూడాలి. పంచాయతీ అనుమతులతోనే కట్టిన నాలుగు అపార్టుమెంట్లు అవి. తీర మండలం అథారిటీ దాకా వెళ్లని ఆ అనుమతుల్ని సుప్రీంకోర్టు 2019లో ఒప్పుకోలేదు. 2020 జనవరి 11, 12 తేదీల్లో పేల్చి పడగొట్టారు. మన భీమిలి తీరంలోనే ఇసుకలోకి దింపిన కాంక్రీటు ప్రహరీని 2024లో హైకోర్టు ఆదేశాలతో కూల్చారు.

డిసెంబరు: సిఫారసు, ఫీజులు, మంజూరు

సీజెడ్ఎంఏ సిఫారసు షరతులతో వచ్చింది: భూగర్భ జలం తోడకూడదు, శుద్ధి చెయ్యని మురుగు బయటికి వదలకూడదు, నిర్మాణ వ్యర్థాలు తీరం వైపు పోయకూడదు, ప్రజల దారికి అడ్డు రాకూడదు. ఎఫ్ఏఆర్ నికర విస్తీర్ణం మీదే చూశారు, అందువల్ల పై అంతస్తు కోసిన రెండో డ్రాయింగే నిలిచింది. షరతులన్నీ తెలుగులో ఒక పేజీ రాసి కుటుంబానికి, కాంట్రాక్టరుకి ఇచ్చాం.

ఫీజుల చలానాలో అనుమతి రుసుము, డెవలప్‌మెంట్, బెటర్‌మెంట్ చార్జీలు, నిర్మాణ అంచనాలో 1 శాతం కార్మిక సంక్షేమ సెస్సు ఉన్నాయి. కోటి అంచనాకు సెస్సు లక్ష. ఈ స్థలం పాత ఊళ్లోది కాబట్టి ఖాళీస్థలం చార్జీ పడలేదు. అనుమతి లేని లేఅవుటు ప్లాటైతే భూమి విలువలో కొంత శాతం దానికే పోతుంది. తీరప్రాంత ధరల్లో అది చిన్న బరువు కాదు, కొనేముందే బేరంలో లెక్క వేసుకోవాలి.

నిర్మాణంలో 10 శాతం భాగాన్ని నగరపాలకకు నోటరీ అఫిడవిట్‌తో తనఖా పెట్టాం. ఓసీ (కట్టడం పూర్తయ్యాక ఇచ్చే నివాస యోగ్యతా పత్రం) వచ్చాక అది విడుదల. ముగ్గురు అన్నదమ్ముల్లో ఎవరి అంతస్తు తనఖాకి వెళ్తుందన్నది ముందే రాతలో పెట్టుకోవాలి, ఆ అంతస్తు మీద బ్యాంకు రుణం అప్పటిదాకా కష్టం. ఇక్కడ మొదటి అంతస్తులో భాగం వెళ్లింది, ఆ వాటాదారు రుణం తీసుకోవడం లేదు.

ఇక ముందున్న పని

పని మొదలు నోటీసు పోర్టల్లో వెయ్యాలి. అనుమతి సంఖ్య, విస్తీర్ణం, అంతస్తులు, ఎల్‌టీపీ పేరు, సీఆర్జెడ్ షరతుల ఉత్తర్వు సంఖ్యతో బోర్డు వీధి వైపు పెట్టాలి. మార్కింగు రోజున డీజీపీఎస్‌తో నాలుగు మూలలు మళ్లీ తీసి, పోటు గీత పటంలోని అంకెలతో సరిచూసి, ఆ కాగితం మీద సర్వేయరు సంతకం తీసుకోవాలి. 45 మిల్లీమీటర్ల కవరు బ్లాకులు ఎం30 కాంక్రీటుతోనే పోయించాలి. ట్యాంకరు నీటి నమూనా పరీక్షకి వెళ్లింది. క్లోరైడు ఫలితం చేతికి వచ్చేదాకా పునాది కాంక్రీటు పొయ్యరు.